మూడుదినముల సెలవు – గోదావరి గట్టు

శని, ఆదివారములకు ముందో వెనుకనో మరియొక సెలవుదినము చేరినచో మూడుదినముల విరామము లభించును. అట్టి విరామము దగ్గరపడగానే ఎచ్చటికి పోవుదమా యను ఆలోచన ఇంటింట బయలుదేరును. మహానగరములందు నివసించువారికి ఈ కోరిక మరింత హెచ్చు. పొగయు మ్రోతయు తక్కువగానుండి, కనులకింపైన ప్రకృతిగల యొక చిన్న నగరమున రెండు రాత్రులు గడపి వచ్చినచో దేహమునకును మనస్సునకును కొత్త బలము కలుగును.

అయితే నెలదినముల తీర్థయాత్రకు సిద్ధపడుటకంటె మూడుదినముల విహారమునకు సిద్ధపడుటయే కష్టమని చెప్పవలెను. నెలలో ఒకదినము వ్యర్థమైనను ఆ లోటు తెలియదు. మూడింటిలో ఒకటి వ్యర్థమైనచో యాత్రలో మూడవవంతు పోయినట్లే. పెక్కుమంది ఈ సంగతి ఎరుగక, బయలుదేరు ముందటిరాత్రి బట్టలు సర్దుకొనుటయే సన్నాహమని భావింతురు. తుదకు త్రోవలోనే సగము సెలవు గడచిపోవగా, బడలికతో ఇల్లు చేరుదురు.

సికిందరాబాదులో కాపురముండు ఒక కుటుంబమును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఆ యింట తండ్రి, తల్లి, కళాశాలలో చదువుకొను కుమారుడు, ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమార్తె, డెబ్బదియేండ్లు దాటిన నాయనమ్మ – ఐదుగురు కలరు. నాయనమ్మ పుట్టినది గోదావరి తీరమునందలి యొక పల్లె. పెండ్లియై తెలంగాణమునకు వచ్చిన పిదప ఆమె అటు పోయినది రెండు మూడు పర్యాయములే. మోకాళ్ళు సహకరించుచుండగనే గోదావరిలో మరియొకమారు మునుగవలెనని ఆమె కోరిక. కావున ఆ కుటుంబము రాజమహేంద్రవరమును ఎన్నుకొనెను.

ఎన్నిక మంచిదే. జనులు వాడుకలో రాజమండ్రి యని పిలుచు ఈ నగరమునకు 2015లో ప్రభుత్వము పూర్వనామమునే మరల స్థిరపరచినది. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి ఇచ్చటి పురజనులు మూడున్నర లక్షలకు లోపే. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుడు ఈ నగరమునుండి రాజ్యమేలెను. ఆతని యాస్థానముననే నన్నయభట్టు మహాభారతమును తెనిగింప నారంభించెను. నాసికకు చేరువనున్న త్ర్యంబకమున పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్ల నడకలో తుదిభాగమునకు వచ్చి, కొండల యిరుకు దాటి, విశాలముగా పరచుకొనునది ఇచ్చటనే. ఆవలిగట్టున కొవ్వూరు, ఈవలిగట్టున రాజమహేంద్రవరము.

ఏ యూరికి పోదలచినను ఆ యూరి పటమును ఒకమారు ముందుంచుకొని చూచుట మేలు. పటము చూడనివానికి తెలియని యొక చిన్న విషయము ఇచ్చట కలదు. నగరము నదికి తూర్పుగట్టున నున్నది. అందుచేత నగరపు రేవులలో నిలుచుండి చూచువారికి సూర్యుడు నదిపై అస్తమించును. ఉదయించునపుడు మాత్రము వీపువెనుక ఇండ్లమీదుగా వచ్చును. నదిపై సూర్యోదయము చూడగోరువారు కొవ్వూరి గట్టునకు పోవలెను. ఈ సంగతి ముందుగా తెలిసినచో ఉదయము నాలుగింటికే పిల్లలను లేపి రేవునకు పరుగెత్తించు శ్రమ తప్పును. సాయంకాలమును మాత్రము మరియే పనికిని ఈయక రేవునకే ఉంచుకొనవలెను.

ఇక కాలనిర్ణయము. ఆ యింటి కుమారుడు పంచాంగపు పుటలు త్రిప్పి రెండు అవకాశములు చూపెను. 2025లో ఆగస్టు 15వ తేది శుక్రవారము. 2026లో జనవరి 26వ తేది సోమవారము. రెండింటను మూడేసి దినములు కలిసివచ్చినవి. మొదటిదే దగ్గరగా నున్నదని అతడు తొందరపడెను. నాయనమ్మ తల యడ్డముగా నూపెను. “నాయనా, ఆ నెలలో గోదారి ఎఱ్ఱనీటితో ఉరకలు వేయుచుండును. గట్టుమీద నిలిచి దండము పెట్టుకొనవలసినదే గాని దిగరాదు” అని ఆమె చెప్పెను.

ఆమె మాట అనుభవమునుండి వచ్చినది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు మాసములలో మహారాష్ట్రమునందును, తెలంగాణమునందును, ఛత్తీసుగఢమునందును కురిసిన వానలనీరంతయు ఈ యొక్క నదిలోనికే చేరును. నగరమునకు దిగువనున్న ధవళేశ్వరము కడ నీటిమట్టమును గంటగంటకు కొలుతురు. అది 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాదసూచికను, 13.75 అడుగులకు చేరినచో రెండవదానిని, 17.75 అడుగులకు చేరినచో మూడవదానిని ఎగురవేయుదురు. 2022 జూలైలో మూడవ సూచికను కూడ దాటి నీరు వచ్చినది. అట్టి దినములలో రేవులలో స్నానములను, నదిలో లాంచీలను అధికారులు నిలిపివేయుదురు. ఆగస్టులో ఆ కుటుంబము పోయియుండినచో వరద వచ్చునో రాదో ముందుగా చెప్పగలవా డెవ్వడును లేడు. డబ్బు చెల్లించి, బండి యెక్కి, అంతదూరము పోయి మూసిన రేవును చూచి వచ్చుట కంటె ఐదు నెలలు ఆగుటయే మేలుగదా!

వరదకాలములో లభించి శీతకాలములో లభింపని వస్తువొకటి కలదు. అది పులస చేప. సముద్రమునుండి గ్రుడ్లు పెట్టుటకై వరదనీటికి ఎదురీదుచు వచ్చు ఈ చేపకై గోదావరివారు ఎంత ధరయైనను ఇత్తురు. తండ్రికి దానిపై మక్కువ యుండెను. జనవరి యనగానే అతడు పులసను వదలుకొనవలసివచ్చెను. ఒక ఋతువును ఎన్నుకొనినవాడు రెండవ ఋతువు ఇచ్చు దానిని వదలుకొనక తప్పదు.

జనవరి 26వ తేదికి ఒక చిక్కున్నది. అది గణతంత్రదినము; పాఠశాలలో పతాకవందనము జరుగును. ఎనిమిదవ తరగతి బాలిక ఆనాడు అచ్చట నుండవలసినది. చెప్పకుండ మానివేయుట తగదు. తండ్రి ప్రధానోపాధ్యాయులకు ముందుగా జాబు వ్రాసి అనుమతి పొందెను. రాజమహేంద్రవరములో పాఠశాలలకు కొదువలేదు. ఏదైన నొక పాఠశాలలో పతాకవందనమునకు నిలుచుటయని బాలికయే తన కార్యక్రమములో వ్రాసికొనెను.

తేదీలు స్థిరపడిన పిదప తల్లి యొక మంచి పద్ధతి సూచించెను. ప్రతివారును ఒక చీటిపై తమకు ముఖ్యమైన కోరికను ఒక్కదానినే వ్రాయవలెను. నాయనమ్మ గోదావరి స్నానమును, కుమారుడు పాపికొండల నడుమ లాంచీ ప్రయాణమును, కుమార్తె కందుకూరి వీరేశలింగము పంతులుగారి యింటిని వ్రాసిరి. తండ్రి మాత్రము ఒక్కటి వ్రాయలేక అన్నవరము, ద్రాక్షారామము, అంతర్వేది యని మూడు క్షేత్రములు వ్రాసెను. తల్లి చీటిలో ఇట్లుండెను: “మూడుదినములు పొయ్యి ముట్టించకుండుట. పాపికొండలు.” ఆమెకు లాంచీపై పోవలెనను కోరిక యున్నట్లు అంతవరకు ఆ యింట నెవ్వరికిని తెలియదు. ఎవ్వరును అడుగలేదు.

ఈ చీటీలన్నిటిని ముందుంచుకొని బాలిక లెక్కకు దిగెను. జనవరి చివర అచ్చట ఉదయము ఆరున్నర ప్రాంతమున సూర్యుడుదయించి, సాయంకాలము ఆరు గంటల లోపున అస్తమించును. దినమునకు పదునొకండున్నర గంటలు వెలుతురు. మూడుదినములకు సుమారు 34 గంటలు. అన్నవరము డెబ్బది కిలోమీటర్లకు పైగా ఈశాన్యమున నున్నది. పోయి వచ్చుటకు నాలుగు గంటలు. ద్రాక్షారామము ఆగ్నేయముగా సుమారు ఏబది కిలోమీటర్లు, మూడు గంటలు. అంతర్వేది దక్షిణమున సముద్రతీరమున నున్నది. పోయివచ్చుటకు ఐదు గంటలకు తక్కువ కాదు. మూడును మూడు దిక్కులు. ఒకదానినుండి మరియొకదానికి త్రోవ కలియదు. ఇక పాపికొండల ప్రయాణము సూర్యోదయమునుండి చీకటిపడు వరకు ఒక నిండుదినమును హరించును. మొత్తము 24 గంటలు బండిలోను లాంచీలోను గడచిపోవును. మిగిలిన పదిగంటలలో భోజనములు, దేవాలయములలో వరుసలు, నాయనమ్మ స్నానము. రాజమహేంద్రవరమునకు మాత్రము ఒక్క గంటయు మిగులలేదు!

బాలిక ఆ కాగితమును తండ్రికి చూపెను. అతడు కొంతసేపు చూచి నవ్వి, తన చీటిని తానే చింపివేసెను. “అన్నవరపు సత్యనారాయణస్వామి ఎచ్చటికిని పోడు, మరియొకమారు వత్తము” అనెను. చూడవలసినవానిని చేర్చుకొనుచు పోవుట ఎవరికైనను సులభము. తీసివేయుటయందే యాత్రకు ప్రణాళిక వేయువాని నేర్పు తెలియును.

రైలుటిక్కెట్ల విషయమున తేదీలను జాగ్రత్తగా లెక్కింపవలెను. 2024 నవంబరు 1వ తేదినుండి రైళ్ళలో ముందుగా స్థలము కేటాయించుకొను గడువు 120 దినములనుండి 60 దినములకు తగ్గింపబడినది. ఆ గడువు ఉదయము ఎనిమిది గంటలకు తెరువబడును. జనవరి 23వ తేది శుక్రవారము రాత్రి బయలుదేరువారు నవంబరు 24వ తేది ఉదయమున సిద్ధముగా నుండవలెను. 26వ తేది రాత్రి తిరుగు ప్రయాణపు టిక్కెట్లు అదే దినమున దొరకవు. అవి మూడుదినములు గడచి నవంబరు 27వ తేదిన తెరువబడును. పోవుటకు టిక్కెట్లు దొరికినవను సంతోషములో రావలసిన టిక్కెట్లను మరచువారు చాలమంది. వరుస సెలవులు వచ్చినపుడు తిరుగు ప్రయాణమునకే పోటీ యెక్కువ, ఏలయనగా పోవువారు వేరువేరు దినములలో పోవుదురుగాని, వచ్చువారందరు సెలవు తుది రాత్రియే వత్తురు. వృద్ధులకు క్రింది పడకను కేటాయించు ఏర్పాటు రైల్వేవారికి కలదు. నాయనమ్మ వయస్సును దరఖాస్తులో సరిగా వ్రాయుట అందుకే ముఖ్యము.

నడిరేయి దాటిన పిదప వచ్చు రైళ్ళ విషయమున పొరపాటు జరుగుట పరిపాటి. రైల్వేవారి దినము అర్ధరాత్రి పండ్రెండింటితో మారును. 27వ తేది రాత్రి పండ్రెండున్నరకు బయలుదేరు రైలనగా, సామాన్యజనుల మాటలో అది 26వ తేది రాత్రియే. ఈ భేదము తెలియక ఒకదినము ఆలస్యముగా స్టేషనుకు పోయి, రైలు నిన్ననే వెళ్ళినదని విని నివ్వెరపోయినవారు లేకపోలేదు.

రైలు తెల్లవారుజామున చేర్చును. బసలో గది మధ్యాహ్నమునగాని ఈయరు. ఈ రెంటి నడుమ ఆరేడు గంటలు సామానుతో, వృద్ధురాలితో ఎచ్చట నుండవలెను? కొన్ని బసలలో చేరిన గడియనుండి ఇరువదినాలుగు గంటలు లెక్కింతురు. కొన్నింటిలో మధ్యాహ్నమునుండి మధ్యాహ్నమునకు లెక్కింతురు. గది కుదుర్చుకొనునపుడు ఈ యొక్క మాట అడిగి తెలిసికొనవలెను. ఆ కుటుంబము మొదటి పద్ధతిగల బసను వెదకి కుదుర్చుకొనెను. క్రిందియంతస్తులో గది, స్నానమునకు వేడినీరు, పాశ్చాత్యపద్ధతి మరుగుదొడ్డి – ఈ మూడింటిని తల్లి అడిగి నిశ్చయపరచెను. కిటికీనుండి నది కనబడునా యని కుమారుడు అడిగెను. కనబడదనిరి. ఐదు నిమిషముల నడకలో రేవున్నప్పుడు కిటికీకై అధిక ధర చెల్లింప నక్కరలేదని తండ్రి తేల్చెను.

మూడుదినములను ఎట్లు పంచుకొనవలెనను విషయమున సెలవుదినములే మరల అడ్డువచ్చినవి. ప్రభుత్వపు మ్యూజియములును గ్రంథాలయములును వారమునకొకదినము మూసియుంచుట వాడుక. జాతీయపర్వదినములలోను పెక్కు మూతపడును. కావున సోమవారమునకు వానిని ఉంచరాదు. శనివారముననే చూడవలెను.

అందుచేత శనివారము ఉదయము స్నానము, కొంత విశ్రాంతి; పిదప బాలిక కోరిన యిల్లు. వీరేశలింగము పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదిన ఈ నగరమున జన్మించిరి. ఆయన యిల్లు నేటికిని స్మారకముగా నిలిచియున్నది. 1881 డిసెంబరు 11వ తేదిన ఆయన ఈ నగరముననే మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ వివాహమునకు ఊరిలోని పెద్దలనేకులు విరోధులైరి. బెదిరింపులకు లోటు లేకపోయెను. పుస్తకములో నాలుగు పంక్తులుగా చదివిన యీ సంగతి, ఆ యింటి గడపలో నిలిచినపుడు వేరుగా తోచును. ఇంత చిన్న యింటిలో కూర్చుండియా ఆ మనుష్యుడు అంతమందిని ఎదిరించినది! ఆయన రచించిన రాజశేఖరచరిత్రము తెలుగున తొలి నవలలలో నొకటి; ఆ కథ సమీపమునందలి ధవళేశ్వరములోనే ప్రారంభమగును. బయలుదేరుటకు ముందు దానిని చదువవలెనని బాలిక పాఠశాల గ్రంథాలయమునుండి తెచ్చుకొనెను. పోవు నూరినిగూర్చి ఒక్క పుస్తకమైన చదివి పోవువానికి ఆ యూరు రెండింతలుగా కనబడును.

అచ్చటినుండి దామెర్ల రామారావు చిత్రశాలకు పోవలెను. 1897లో జన్మించిన ఈ చిత్రకారుడు 1925లో, ఇరువదియెనిమిది యేండ్లైనను నిండకుండ, మశూచికమువలన మరణించెను. రాజమహేంద్రవరపు కళాశాలకు అధ్యక్షుడుగానుండిన కూల్డ్రే అను ఆంగ్లేయుడు అతని నేర్పును గుర్తించి ప్రోత్సహించెను. అంత కొద్దికాలమున అతడు గీచిన చిత్రములను చూచునపుడు కాలమును వేరుగా కొలుచుట తెలియును. వడ్డాది సుబ్బారాయకవి 1898లో నాటిన పుస్తకభాండాగారమునుండి పెరిగిన గౌతమీ గ్రంథాలయమును కూడ ఆనాడే బయటినుండియైన చూడవచ్చును.

ఐదుగంటలకెల్ల రేవు చేరవలెను. ఆవేళ వంతెనలు చక్కగా కనబడును. 1900లో తెరువబడిన పాతవంతెన 1997 వరకు రైళ్ళను మోసి విశ్రమించినది. 1974లో కట్టినదానిపై క్రింద రైళ్ళును, మీద బండ్లును పోవును. 1997లో సిద్ధమైన మూడవది వరుసగా విల్లులు వంచి నిలిపినట్లుండును. నగరపు పటములలో కనబడునది అదియే. 2015లో నాలుగవది బండ్లకై వెలసినది. సూర్యుడు కొవ్వూరి చెట్లవెనుకకు దిగునపుడు ఆ విల్లులు ఒక్కొక్కటిగా నల్లబడును. చీకటిపడిన పిదప పుష్కరరేవులో నదికి హారతి యిత్తురు.

ఆదివారము లాంచీకి. ఈ విషయమున కొంత విస్తరముగా చెప్పక తప్పదు. పాపికొండలు తూర్పుకనుమలలోనివి. గోదావరి ఆ కొండల నడుమ ఒదిగి, ఇరుకై, లోతై ప్రవహించును. ఇరుప్రక్కల అడవులు, 2008లో వానిని జాతీయవనముగా ప్రకటించిరి. పూర్వము రాజమహేంద్రవరపు రేవునుండియే లాంచీలు బయలుదేరెడివి. పోలవరము కడ జలాశయ నిర్మాణము సాగినప్పటినుండి నగరమునుండి బండిలో ఎగువకు పోయి, గండిపోచమ్మ గుడి ప్రాంతమున లాంచీ యెక్కుట వాడుకయైనది. అచ్చటనుండి పేరంటాలపల్లి వరకు పోయి తిరిగివత్తురు.

2019 సెప్టెంబరు 15వ తేదిన, నది వరదలోనుండగా, డెబ్బదిమందికి పైగా యాత్రికులతోను నావికులతోను పోవుచుండిన యొక లాంచీ కచ్చులూరు కడ సుడిగుండములో చిక్కి మునిగిపోయినది. సగముకంటె ఎక్కువమంది మరణించిరి. బ్రదికినవారిలో పలువురిని కాపాడినది చెంతనున్న పల్లెలవారు. మునిగిన లాంచీని నదిగర్భమునుండి వెలికి తీయుటకే నెలకు పైగా పట్టినది. అక్టోబరు 22వ తేదినగాని అది బయటపడలేదు. ఆ దినము ఆదివారము. ఎక్కినవారిలో అనేకులు సెలవు గడపుటకు వచ్చిన కుటుంబములవారే.

అందుచేత లాంచీ యెక్కువారు తెలిసికొని అడుగవలసిన సంగతులు కొన్ని కలవు. ఆనాడు నదిపై పోవుటకు అధికారుల అనుమతి యున్నదా? లాంచీలో ఎందరికి స్థలమో బోర్డుపై వ్రాసినారా? ఎక్కినవారు ఆ సంఖ్యకు మించిరా? తేలుడు చొక్కాలు అందరికి సరిపోవునా? చొక్కాను కాళ్ళక్రింద పరచుకొనక, ఒంటికి తొడిగి, పట్టీలు బిగించుకొని, దిగువరకు విప్పకుండుట ముఖ్యము. ఉక్కగా నున్నదని విప్పువారిని చూచి సిగ్గుపడి తామును విప్పరాదు. కొండల అందము చూచుటకు అందరును ఒక్క ప్రక్కకు పరుగెత్తుటయు ప్రమాదమే. నావ అటు ఒరగును. వీనిలో ఏ యొక్కటి లోపించినను, చెల్లించిన డబ్బు పోయినను సరే, గట్టుననే నిలిచిపోవుట ఉత్తమము.

జనవరిలో నది శాంతముగా నుండును. ఐనను ఒడ్డు వాలుగా నుండి, పలకలమీదుగా నావలోనికి నడువవలసియుండును. నాయనమ్మ మోకాళ్ళకు అది తగదు. ఆమెను ఒంటరిగా బసలో విడుచుటయు తగదు. “కోడలుపిల్ల ఉండునులెండి” అని ఎవ్వరో అనబోవుచుండగా తండ్రి తల్లి వ్రాసిన చీటిని చేతిలోనికి తీసికొనెను. “నీవు పిల్లలతో పోయి రా. అమ్మకడ నేనుందును” అనెను. నాయనమ్మయు, “పోయి రావమ్మా, నాకు నా కొడుకుతో మాటలాడుకొను పని యున్నది” అనెను. ఆ ఆదివారమున అధికారులు లాంచీలను నిలిపివేసినచో ఏమి చేయవలెననునది కూడ అప్పుడే వ్రాసికొనిరి. అట్లైనచో సోమవారపు కార్యక్రమము ఆదివారమునకు జరుగును, సోమవారము ద్రాక్షారామమునకు. తండ్రి చింపిన చీటిలో ఒక ముక్క ఇట్లు మరల అతికినది.

సోమవారము పతాకవందనమైన పిదప ధవళేశ్వరము. నగరమునకు దిగువ ఎనిమిది కిలోమీటర్ల దూరమున నది రెండుగా చీలి గౌతమి, వసిష్ఠ యను పాయలగును. ఆ చీలికకడనే ఆర్థర్ కాటన్ 1847లో మొదలిడి 1852లో ఆనకట్టను ముగించెను. అంతకుముందు నందన సంవత్సరపు కరవున, పెనుతుపానులలో ఈ మండలము జనమును కోల్పోయి పాడుపడియుండెను. నది నిండుగా పారుచుండగనే గట్టున మనుష్యులు ఆకలితో చచ్చిన దేశమిది! పాత ఆనకట్ట జీర్ణింపగా దాని చెంత 175 తలుపులతో కొత్త బరాజు నిర్మింపబడి 1982లో పూర్తియైనది. కాటన్ పేరనే దానిని పిలుతురు. జనవరిలో వచ్చు యాత్రికునకు దీనివలన రెండు మేళ్ళు. తలుపులు దించి నీటిని ఆపుటచేతనే ఎగువనున్న రాజమహేంద్రవరము కడ నది వానలు లేని దినములలో సైతము నిండుగా కనబడును. ఆ నీరే కాలువలగుండ పోయి దాళ్వా పైరును తడుపును. ఆ పచ్చని నాట్లు త్రోవపొడవున కనబడును. కాటన్ సామగ్రిని, పటములను ఉంచిన మ్యూజియము ఆనాడు తెరచియుండునో లేదో ముందురోజే తెలిసికొనవలెను. లేకున్నను బరాజుపై నడచుటకు అడ్డులేదు.

అచ్చటినుండి కడియపు పూలతోటలు. ఆ ప్రాంతపు రైతులు వరికి బదులు మొక్కలనే పంటగా పండించి దేశమంతటికి పంపుదురు. మొక్కలు కొనవలెనను ఆశ అందరికి కలుగును. రైలులో మోయగలిగినది ఒకటి రెండే. తిరుగుత్రోవలో ఆత్రేయపురపు పూతరేకులు కొనవచ్చును. బోర్లించిన కుండను వేడిచేసి, పలుచని బియ్యపుపిండి నీటిలో గుడ్డను ముంచి ఒక్క త్రిప్పుతో కుండపై రాచినచో కాగితమువంటి రేకు లేచును. ఈ రేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఖర్చును రైలు, బస, స్థానికపు బండి, లాంచీ, భోజనము అని ఐదు పద్దులుగా వ్రాసి, మొత్తములో పదవవంతును ఎవ్వరికిని చెప్పకుండ తల్లి వేరుగా నుంచెను. సంచులు తక్కువ. నాయనమ్మ మందులు రెండు భాగములుగా రెండు సంచులలో, గుర్తింపుకార్డులు తండ్రికడ, ఉన్నిశాలువ చేతిలో. నది గాలి జనవరి వేకువను చలిగా నుండును.

చివరకు బాలిక మూడుదినముల కార్యక్రమమును ఒక పెద్ద కాగితముపై వ్రాసి గోడకు అంటించెను. ఎడమప్రక్క వేళ, కుడిప్రక్క పని. శనివారము ఉదయము మొదటి పంక్తి నాయనమ్మ స్నానము. మెట్లు వెడల్పుగానున్న కోటిలింగాల రేవును ఎన్నుకొనిరి. ఎండ పొడచూపిన పిదప పోవలెనని, పాకుడు పట్టిన క్రింది మెట్లకు దిగక కమ్మీ పట్టుకొని మునుగవలెనని, కొడుకు ఒకప్రక్క మనుమడు ఒకప్రక్క నిలువవలెనని ఆమె ఎదుట వ్రాసియుండెను. ఎంతసేపు పట్టునో వ్రాయుటకు బాలిక ఆమెను అడిగెను. నాయనమ్మ ఏమియు చెప్పలేదు. బాలిక కొంచెముసేపు కలము పట్టుకొని నిలిచి, ఆ యొక్క చోటును వ్రాయకుండ విడిచి, తరువాతి పంక్తికి దిగెను.